కాగితాల్లో ముగ్గురు సుబ్బయ్యలు: నా పీఎఫ్ పెన్షన్ అనుభవం

2025 సెప్టెంబరు నెలాఖరులో నా బ్యాంకు ఖాతాలో పీఎఫ్ పెన్షన్ పడింది. ఆ పెన్షన్‌కు కావాల్సిన 58 ఏళ్లు నాకు నిండింది 2024 జూన్ 10న. మధ్యలో ఏడాది మీద మూడు నెలలు గడిచాయి. మా కడప జిల్లా యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నవాళ్లు, చేసి మానేసినవాళ్లు ఇప్పుడు నన్ను టీ కొట్టు దగ్గర ఆపి అడుగుతున్నారు. "ఎట్ల వచ్చింది సుబ్బన్నా, ఎవరికెంత ఇచ్చినావు?" అని. లంచమంటూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. తిరగాల్సినంత మాత్రం తిరిగాను. ఆ తిరుగుడు ఏ వరుసలో జరిగిందో రాసి పెడుతున్నాను.

నేను ప్యాకింగ్ సెక్షన్‌లో లోడింగ్ మనిషిని. బెల్టు మీద నుంచి వేడివేడిగా దిగే యాభై కిలోల బస్తాను భుజాన వేసుకుని లారీలో పేర్చడమే పని. గేటు ఒకటే, మిషన్ ఒకటే, పక్కన నిలబడే మనుషులూ వాళ్లే. మారేది కాంట్రాక్టరు ఒక్కడే. ఆయన మారినప్పుడల్లా కొత్త ఫారం, కొత్త పీఎఫ్ నంబరు, ఆ పూట రాసే గుమస్తాకు తోచిన పేరు. 2003 నుంచి 2008 దాకా మొదటి కాంట్రాక్టరు దగ్గర నేను వి. సుబ్బయ్యను. 2008 అక్టోబరు నుంచి 2013 మార్చి దాకా రెండో ఆయన దగ్గర ఉత్త సుబ్బయ్యను, తండ్రి పేరు పుల్లయ్య. పుల్లయ్య మా పెదనాయన, ఆ గ్యాంగుకు మేస్త్రీ. నన్ను పనిలో పెట్టింది ఆయనే కాబట్టి గుమస్తా ఆయన్నే నాకు తండ్రిని చేసేశాడు. పుట్టిన తేదీ 1-7-1970 అని వేశాడు. ఆయన లెక్క ప్రకారం మా గ్యాంగులో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. తర్వాత మూడేళ్లు థర్మల్ స్టేషన్ బూడిద లారీల మీద రోజు కూలి, అక్కడ పీఎఫ్ ఊసే లేదు. 2016 ఏప్రిల్‌లో మళ్లీ పాత గేటుకే వచ్చాను, మూడో కాంట్రాక్టరు కింద. అప్పటికి ఆధార్, యూఏఎన్ (ఎక్కడ పనిచేసినా మారని ఒకే పీఎఫ్ నంబరు) అన్నీ వచ్చేశాయి కాబట్టి అక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు ఎక్కింది: వెంకటసుబ్బయ్య, తండ్రి ఓబులేసు, 10-6-1966.

2024 జూన్ నెలాఖరుకు గేట్ పాస్ ఆపేశారు. మర్నాటి నుంచే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో రాత్రి వాచ్‌మన్‌గా కుదిరాను, నెలకు ఎనిమిది వేలు. రాత్రి డ్యూటీ కావడంతో పగలు ఆఫీసుల చుట్టూ తిరగడానికి వీలైంది. నిద్ర మాత్రం బస్సుల్లోనే.

మనం పని మానేసిన తేదీని కాంట్రాక్టరు పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించాలి. అది ఎక్కకపోతే ఏ ఫారమూ ముందుకు పోదు. జూలై అంతా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయడం, "రేపు చేస్తాం" అనిపించుకోవడం. ఆగస్టులో నెట్ షాపు పిల్లోడు అసలు సంగతి చెప్పాడు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని మనమే పెట్టుకోవచ్చు, కాంట్రాక్టరు అక్కర్లేదు. పెట్టబోతే ఓటీపీ బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పాత సిమ్‌కు పోయింది. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ముందు ఆధార్‌కు నా సొంత నంబరు కలిపించుకోవాలన్నమాట.

ఆధార్ సెంటర్‌లో అప్పుడు, 2024లో, ఫీజు 50 రూపాయలే. వేలు పెడితే మిషన్ తీసుకోదే! చెమటతో కలిసిన సిమెంటు చేతుల్ని తినేస్తుందని మా పనోళ్లందరికీ తెలుసు. రాత్రిళ్లు చెనిక్కాయ నూనె రాసుకుని పడుకున్నా వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోతాయి, మధ్యమధ్యలో సన్నటి చీలికలు. ఆ అబ్బాయి నా కుడి బొటనవేలు, చూపుడువేలు, తర్వాత ఎడమ చేయి, ఒక్కోదాన్నీ తడిగుడ్డతో తుడిచి, తన వేలితో అదిమి పట్టి గాజు మీద పెట్టి చూశాడు. ఎర్ర లైటే. వెనకాల లైన్‌లో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. చివరకు కంటిపాప ఫొటో తీసి పని కానిచ్చాడు. ప్యాకింగ్‌లో పనిచేసినవాళ్లు ఎక్కడికి పోయినా "వేలిముద్ర పడదు, కన్ను తీయండి" అని ముందే చెప్పండి, అరగంట మిగులుతుంది.

నంబరు కలిశాక మళ్లీ నెట్ షాపు. పిల్లోడు ఆన్‌లైన్‌లో నా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, "మీ సర్వీసు ఎనిమిదేళ్లే చూపిస్తోంది మామా. పదేళ్లు లేకుంటే పెన్షన్ రాదు. 19, 10సి రెండూ పెట్టేస్తా, మొత్తం వచ్చేస్తుంది" అన్నాడు. 19 అంటే పీఎఫ్ డబ్బు. 10సి అంటే పెన్షన్ వాటాను కూడా ఒకేసారి తీసేసుకోవడం. ఎంతొస్తుందని అడిగితే 10సి కిందే తొంభై వేల పైన అన్నాడు. నిజం చెప్పాలంటే నోరూరింది. మా ఆవిడ గొలుసు, గాజులు తాకట్టులో ఉన్నాయి. అరవై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెల తిరిగేసరికి పన్నెండు వందలు పోతున్నాయి.

కానీ 10సి అనే మాట వినగానే 2008 గుర్తొచ్చింది. మొదటి కాంట్రాక్టరు పోతూపోతూ అన్నాల వేళ గుమస్తాను పంపి అందరి చేతా రెండేసి ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. తలా ఇరవై వేల చిల్లర వచ్చింది, పండగ చేసుకున్నాం. యూనియన్ ఆఫీసులో కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, మేమంతా మామ అని పిలుస్తాం. ఆ రెండో ఫారమే 10సి అనీ, దాంతో ఆ ఐదేళ్ల సర్వీసు తుడిచిపెట్టుకుపోయిందనీ ఆయన ఎప్పుడో చెప్పాడు. షాపులో నుంచే ఆయనకు ఫోన్ చేశాను.

"ఆపు, ఆపు! ఏదీ నొక్కనీయొద్దు. రెండో కాంట్రాక్టరు కాలంలో డబ్బు తీసుకున్నావా?"

"లేదు మామా. ఆయన చెప్పకుండానే ఎత్తేసినాడు గదా."

"అయితే ఆ నాలుగున్నరేళ్లు ఇంకా బతికే ఉన్నాయి. రెండూ కలిపితే పన్నెండు దాటుతుంది. పెన్షన్ వస్తుంది."

ఇంకో మాట కూడా చెప్పాడు. పాత ఖాతా వచ్చి కొత్త ఖాతాలో కలిసేదాకా ఫారం 19 కూడా పెట్టొద్దని. అంటే ఉన్న డబ్బు కూడా ముట్టుకోకుండా కూర్చోవాలి.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. "కళ్ల ముందర ఉన్న డబ్బు వదిలిపెట్టి, లేని పెన్షన్ కోసం పాకులాడతావేందయ్యా? వడ్డీ ఎవరు కడతారు?" అని మా లక్షుమ్మ. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ప్రొద్దుటూరులో ఉన్న కూతురికి కాన్పు దగ్గర పడింది. అబ్బాయి ఫోన్‌లో మొత్తం విని, "నాయనా, వడ్డీ నేను పంపిస్తాలే. సంక్రాంతి దాకా చూద్దాం" అన్నాడు. సంక్రాంతికి సగం కూడా కాలేదు, అది వేరే సంగతి. వాడు మాత్రం ప్రతి నెలా పన్నెండు వందలూ ఫోన్‌పే చేశాడు.

అంత గొడవపడిన ఆవిడే తెల్లారి ఇనప ట్రంకు పెట్టె ముందు వేసుకుని కూర్చుంది. ఆమెకు ఏ కాగితమూ పారేయడం ఇష్టముండదు. జాకెట్టు గుడ్డల కింద నుంచి నా పాత గేట్ పాసులు, ఈఎస్ఐ కార్డు, వాటి మధ్యలో నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది. 2010-11కు పీఎఫ్ వాళ్లు ఇచ్చిన ఏడాది స్లిప్పు. మడతల దగ్గర చిరిగింది, ఒక మూల చిమ్మట కొట్టింది. ఖాతా నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కాగితం లేకపోతే ఈ కథ అక్కడే ముగిసేది. 2014కు ముందు మానేసినవాళ్లకు యూఏఎన్ లేదు, ఆ స్లిప్పు మీది నంబరే ఆధారం.

పీఎఫ్ వాళ్లు ప్రతి నెలా 27న ప్రతి జిల్లాలో ఒకచోట "నిధి ఆప్కే నికట్" అని క్యాంపు పెడతారు. సెప్టెంబరు 27న దానికి వెళ్లాను. ఆఫీసరు ల్యాప్‌టాప్‌లో నంబరు కొట్టి చూసి, "ఖాతా ఉంది, డబ్బూ ఉంది, వడ్డీ కూడా పడుతోంది" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే, "కానీ ఇది సుబ్బయ్య, తండ్రి పుల్లయ్య, 1970. మీరేమో వెంకటసుబ్బయ్య, ఓబులేసు, 1966. ఈయన మీరేనని ఎవరు చెబుతారు?" అన్నాడు. చెప్పాల్సింది పని ఇచ్చిన కాంట్రాక్టరు. జాయింట్ డిక్లరేషన్ అనే ఫారం మీద నేనూ, ఆయనా సంతకం పెట్టాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఏది తప్పున్నా దిద్దడానికి ఇదే ఫారం. కాంట్రాక్టరు లేకపోతే, ఆ సంస్థ మూతపడిందని చూపించి, గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో, పని చేసినట్టు రుజువులతో పెట్టుకోవాలి.

రెండో కాంట్రాక్టరు ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడని తెలిసి ఇంటికి వెళ్లాను. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు, పెదనాయనను గుర్తుపట్టి బాగోగులు అడిగాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి, "రిజిస్టర్లన్నీ ఇల్లు మారేటప్పుడు తూకానికేసినాం సుబ్బయ్యా. మూసేసిన ఫర్మ్ మీద ఇప్పుడు సంతకం పెడితే పాతవన్నీ తవ్వుతారు" అన్నాడు. ఎంత బతిమాలినా అంతే.

తర్వాత ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసు. "కాంట్రాక్టు లేబరుకూ మాకూ సంబంధం లేదు" అని గేటు దగ్గరే చెప్పి పంపేశారు. ఇది అందరికీ చెప్పే మాటే. మామ మాత్రం ఊరుకోలేదు. కాంట్రాక్టరు మనుషుల పీఎఫ్‌కు మొదటి బాధ్యత అసలు యజమానిదేనని చట్టంలోనే ఉంది, ఆ సెక్షన్ రాసి అర్జీ టైప్ చేయించి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని వచ్చాం. నోటితో అడిగితే నోటితోనే పంపేస్తారు, ముద్ర పడిన కాగితానికి మాత్రం జవాబివ్వాల్సి వస్తుంది. అక్టోబరు రెండో వారంలో ఇస్తే నవంబరు మధ్యలో సర్టిఫికెట్ వచ్చింది. గేట్ పాస్ రిజిస్టరు ప్రకారం సుబ్బయ్య అనే లోడింగ్ వర్కరు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడని.

ఇక అయిపోయింది అనుకుంటుండగా కొత్త చిక్కు. ఆ రిజిస్టరులో అదే కాంట్రాక్టరు కింద ఇంకో సుబ్బయ్య ఉన్నాడు. నాకు గుర్తే. మాకంటే చిన్నవాడు, కలమల్ల నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఎవరు సుబ్బయ్యా అని పిలిచినా ఇద్దరం పలికేవాళ్లం. 2012లో జ్వరమొచ్చి పోయాడు. టైమ్ ఆఫీసు గుమస్తా, "మీ నంబరు ఆయనది కాదని రాసివ్వాలంటే ఆయన నంబరేదో తెలియాలి కదా" అన్నాడు. ఆ మాటా న్యాయమే.

కలమల్ల అంటే మన తొలి తెలుగు శాసనం దొరికిన ఊరు. రేనాటి చోళరాజు ధనంజయుడి కాలంలో, 575 ప్రాంతంలో రాతి మీద చెక్కించింది ఇప్పటికీ చదువుకుంటున్నారు. మా కాంట్రాక్టరు రిజిస్టర్లు పదేళ్లు కూడా ఆగలేదు. చెన్నకేశవ స్వామి గుడి పక్క సందులో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. సుబ్బయ్య భార్య చేలో చెనక్కాయలు కోసి అప్పుడే వచ్చింది. విషయం చెప్తే ఫొటో ఫ్రేము వెనకాల నుంచి స్లిప్పు తీసింది. నాది ఏ ఏడాదిదో ఆమె దగ్గరున్నదీ అదే ఏడాదిది, నంబరు వేరు. "దీనికేమన్నా డబ్బులొస్తాయా అన్నా? అప్పట్లో కాంట్రాక్టరు పంపిస్తామన్నాడు" అని అడిగింది. సమాధానం నా దగ్గర లేదు. స్లిప్పు జెరాక్సు తీసుకుని, అడిగి చెప్తానమ్మా అని వచ్చేశాను.

గెజిటెడ్ సంతకం కోసం ఎవరి దగ్గరికి పోవాలా అని తల పట్టుకుంటే, మా పశువుల డాక్టరు గెజిటెడ్ ఆఫీసరేనని మామ చెప్పాడు. గొర్రెలకు మందులు తాపించే లైన్‌లో నిలబడి నా వంతు వచ్చాక కాగితాలు ఇచ్చాను. ఆయన పూర్తిగా చదివి, ఒరిజినల్స్ చూసి, పచ్చ ఇంకుతో సంతకం పెట్టి ముద్ర వేశాడు. పైసా అడగలేదు.

డిసెంబరు 2, సోమవారం, కమలాపురం మీదుగా కడప బస్సెక్కి పీఎఫ్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. 31న తిరిగొచ్చింది. తండ్రి పేరు పుల్లయ్య ఓబులేసు ఎలా అయ్యాడో ఆధారం లేదని. నేను చదివింది పదో తరగతి. 1982 నాటి మెమోలో నా పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడూ సరిగ్గా ఉన్నాయి. అది జత చేసి, పుల్లయ్య మా పెదనాయన అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాను. స్టాంపు పేపరు, నోటరీ, టైపు అన్నీ కలిపి ఐదు వందలైంది. మధ్యలో సంక్రాంతి. జనవరి 20న మళ్లీ ఇచ్చాను.

ఆ తర్వాత ఏడు వారాలు ఏ కబురూ లేదు. అన్నిటికంటే నన్ను తిన్నది ఆ మౌనమే. తిరిగేటప్పుడు ఏమీ అనిపించదు. ఇంట్లో కూర్చుంటే ఫోన్ టింగుమన్నప్పుడల్లా టెన్షన్, చూస్తే ఏదో రీచార్జ్ మెసేజ్. ఈలోపు ఒక ఏజెంటు తగులుకున్నాడు. వచ్చిన దాంట్లో పది శాతం ఇస్తే వారంలో చేయిస్తానన్నాడు. ఏ కాగితం ఇస్తావని అడిగితే, మీ దగ్గరున్నవే అన్నాడు. అవే కాగితాలైతే నేనే ఇవ్వలేనా? మార్చి 12న పొద్దున్నే, డ్యూటీ దిగి వస్తుంటే మెసేజ్ వచ్చింది, వివరాలు సరిచేశామని. టీ కొట్టు దగ్గర ఆగి ముగ్గురితో చదివించుకున్నాను, నాకు చదవడం రాక కాదు.

ఇక ఖాతాలు కలపడం. దానికి ఫారం 13. పాత ఖాతాకు యూఏఎన్ లేదు కాబట్టి కాగితం మీద పెట్టి, మూడో కాంట్రాక్టరు సంతకంతో ఇచ్చాను. ఆ సంతకానికే నెల పట్టింది. మే నెల చివర్లో పాస్‌బుక్ తెరిస్తే పాత డబ్బు వచ్చి కలిసింది. నోరెళ్లబెట్టాను. నేనూ, కాంట్రాక్టరూ కలిపి ఆ రోజుల్లో కట్టింది నలభై వేల పైచిలుకు. ఇన్నేళ్ల వడ్డీతో అది లక్షా ఎనిమిది వేలయింది. ఎవరూ అడగకపోయినా 58 ఏళ్లు నిండేదాకా వడ్డీ పడుతూనే ఉందన్నమాట. ఇలా మర్చిపోయిన ఖాతాలు మా కాలనీలోనే ఎన్నున్నాయో!

వెంటనే ఫారం 19 పెట్టాను. పది పన్నెండు రోజుల్లో డబ్బు పడింది. కోవిడ్ అప్పుడు అడ్వాన్సు తీసుకున్నది పోను రెండు ఖాతాలకూ కలిపి రెండున్నర లక్షలకు కాస్త తక్కువ. ఆ మధ్యాహ్నమే లక్షుమ్మ గొలుసు, గాజులు ఇంటికొచ్చాయి. "మరి ఇంకేం, ఇక్కడితో ఆపు" అంది.

ఆపలేదు. పెన్షన్ ఫారం 10డి. దీనికి భార్యాభర్తల జాయింట్ ఫొటో కావాలి. మాకు పెళ్లినాటి ఫొటో తప్ప ఇద్దరం కలిసి దిగింది లేదు. స్టూడియోకు పోదామంటే ఆమె ముందురోజు నుంచే హడావుడి. గొలుసు బయటికి కనిపించేలా కొంగు సర్దుకుని, నా చొక్కా కాలర్ సరిచేసి, "నవ్వొద్దంట, ఆఫీసు ఫొటో" అని నాకు చెప్పి తనే నవ్వింది. స్టూడియోవాడు మళ్లీ తీశాడు. నూటయాభై. ఇంకో ప్రింటు పెద్దది వేయించమంది, అదో మూడొందలు. ఫొటో కాక ఆమె ఆధార్, నామినేషన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. మా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది కదా. పేరు తేడా వల్ల ఏమొస్తుందోనని ముందే కొత్త పాస్‌బుక్ తీసుకుని జత చేశాను. పేర్ల తేడాలతో అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

జూన్‌లో పెట్టింది ఒకసారి వెనక్కి వచ్చింది, ఫొటో మీద ఆధార్‌లో ఉన్నట్టు ఆమె పేరు రాయలేదని. ఇంట్లో లక్షుమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి. జూలైలో సరిచేసి పెట్టాను. సెప్టెంబరులో పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరుతో మెసేజ్ వచ్చింది, నెలాఖరులో డబ్బు పడింది. 58 నిండిన రోజు నుంచి లెక్కగట్టి బకాయి 24 వేల 6 వందల చిల్లర, ఇక మీదట నెలకు 1,674 రూపాయలు.

ఎంతొస్తుందో ముందే లెక్క వేసుకోవచ్చు. చివరి అరవై నెలల సగటు జీతాన్ని, అంటే పీఎఫ్ కట్టిన జీతాన్ని, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500కు మించి జీతం లెక్కలోకి రాదు. నాది రెండు ముక్కలు కలిపి 13 ఏళ్లు వస్తుందని లెక్కేసుకున్నాను. 12 కిందే కట్టారు. జీతం లేని రోజులు తీసేస్తారట. లారీలు రాక పని ఆగిన రోజులు, ఫ్యాక్టరీ షట్‌డౌన్ పెట్టిన రోజులు అన్నీ అందులోకి పోయాయి. పని లేక ఖాళీగా కూర్చున్నదానికి ఇప్పుడు ఇలా కోత. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

కాలనీలో కొందరు నవ్వారు. "ప్రభుత్వమే ఒకటో తేదీన ఇంటికొచ్చి నాలుగు వేలు ఇస్తుంటే పదహారు వందలకు ఇంత తిరుగుడా?" అని. ఆ నాలుగు వేలు పెద్దోళ్లకు దయతో ఇచ్చేది, ఇది నా బస్తాల మీద కోసుకున్నది. నా తర్వాత లక్షుమ్మకు ఇందులో సగం వస్తుంది. సగం వెయ్యి కంటే తక్కువైతే వెయ్యి ఇస్తారు, 2014 నుంచి కనీస పెన్షన్ అంతే. ఈ మాట చెప్తే, "నువ్వు పోతే నాకు నూట అరవై రూపాయలు లాభం" అంది. 837కు, వెయ్యికి తేడా ఆమె నోటి లెక్కతో నాకంటే ముందే కట్టేసింది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. కడపకు రానూపోనూ బస్సుకు, తిండికి పోయిన ప్రతిసారీ రెండు వందలు. నెట్ షాపులో ఏ ఫారం పెట్టినా నూరో రెండు నూర్లో. నోటరీ, ఫొటోలు, జెరాక్సులు. అంతా కలిపి ఐదు వేల లోపే. అసలు పెద్ద ఖర్చు వడ్డీ. పది నెలలకు పన్నెండు వేలు, మావాడు కట్టాడు. బకాయి డబ్బులో నుంచి తిరిగి పంపితే తీసుకోలేదు.

ఇంకొకటి, పెన్షన్ మొదలయ్యాక ఏడాదికోసారి బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నవంబరులోనే అని లేదు, ఏ నెలలో ఇస్తే అక్కడి నుంచి ఏడాది. వేలిముద్ర పడనివాళ్లు ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. నేను అట్లే ఇచ్చాను. వెలుతురు ఎదురుగా నిలబడి రెప్ప కొట్టమంటుంది, కొడితే అయిపోయింది.

కలమల్ల సుబ్బయ్య భార్య అడిగిన దానికి ఆఫీసులోనే జవాబు దొరికింది. పనిలో ఉండగా పోయిన మనిషికి పదేళ్ల లెక్క లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పెన్షన్ వస్తుంది, ఇద్దరు పిల్లల దాకా ఒక్కొక్కరికి 25 ఏళ్లు వచ్చేవరకు వస్తుంది. పీఎఫ్ డబ్బు, బీమా డబ్బు వేరే. ఆయన పోయేనాటికి పిల్లాడికి తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. ఇద్దరికీ ఇంకా 25 నిండలేదు. మరణ ధ్రువపత్రంలో ఆయన పేరు చిన్న సుబ్బయ్య అని ఉంది, స్లిప్పులో సుబ్బయ్య అని మాత్రమే. అంటే మళ్లీ జాయింట్ డిక్లరేషన్, మళ్లీ టైమ్ ఆఫీసు. అర్జీ టైప్ చేయించాం, పశువుల డాక్టరు దగ్గర సంతకం కూడా అయింది. వచ్చే 27న క్యాంపుకు ఆమెనూ, కొడుకునూ తీసుకుపోతున్నాను.